అందరూ తల వంచే జంక్షన్

మార్చి 3, సోమవారం

అన్న హెల్మెట్ ఈరోజు మళ్లీ, గనిలో దారులు కలిసే జంక్షన్ దగ్గర, పైనున్న ఇనప గర్డర్‌కి తగిలింది. టంగుమని మోగింది. వెనక వస్తున్నవాళ్లు నవ్వారు.

"తాడి ఇంకా పెరుగుతున్నాడు. ఇంట్లో ఏం పెడుతున్నారో కనుక్కోండి," అన్నాడొకడు.

గనిలో అన్నని ఎవరూ పేరుతో పిలవరు. తాడి అంటారు, అంతే. అన్న కూడా నవ్వి, హెల్మెట్ సరిచేసుకుని, డ్రిల్లు భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

నాకు నవ్వు రాలేదు.

ఆ జంక్షన్‌లో పైకప్పు దిగిందో లేదో చూపే గేజీ బిగించిన రోజు అన్న దాని కిందే నిటారుగా నిలబడ్డాడు. హెల్మెట్‌కీ గర్డర్‌కీ మధ్య అరచెయ్యి దూర్చి, "చూశావా, ఇంకా పెరగడానికి చోటుంది," అన్నాడు. నాకు బాగా గుర్తు.

షిఫ్టు అయ్యాక వెనక్కి వెళ్లి గేజీ చూశాను. ఆకుపచ్చ. పైకప్పు దిగుతున్నకొద్దీ ఆకుపచ్చ లోపలికి పోయి పసుపు కనిపించాలి, ఆ తర్వాత ఎరుపు. అక్కడ నిండుగా ఆకుపచ్చే ఉంది.

పెళ్లయిన మనిషి పెరగడు కదా.

మార్చి 4, మంగళవారం

ఇవాళ షిఫ్టంతా జంక్షన్ పక్కన నిలబడి మనుషుల్ని చూశాను. కాలేజీలో రాళ్లని చూడడం నేర్పారు, గనిలో నా ఉద్యోగమూ కప్పుని కనిపెట్టి ఉండడమే. మనుషుల్ని చూడమని ఎవరూ చెప్పలేదు.

అక్కడికి రాగానే అందరూ తల వంచుతున్నారు. కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాళ్లు మాట ఆపకుండానే వంచుతున్నారు. గర్డర్ దాటగానే ఎత్తుతున్నారు. ఎప్పటినుంచి ఇలా అని అడిగాను. ఎలా, అని నన్నే ఎదురడిగారు.

పంపు ఆపరేటర్ నా భుజం దాకా కూడా రాడు. అతనూ వంచాడు.

"నీకెందుకయ్యా?"

"అందరూ వంచుతున్నారు కదా మేడమ్. ఏదో కారణం ఉండే ఉంటుంది."

ఓవర్‌మన్‌ని అడిగాను. ఈ సెక్షన్ బాధ్యతంతా ఆయనది. మేనేజర్ ఏమన్నా "సరే సార్" అంటాడని కార్మికులు ఆయనకి ఆ పేరే ఖాయం చేశారు. సరేసార్ అటూ ఇటూ చూసి, బూటుతో నేలని తన్ని, "నేల పొంగిందమ్మా. ఇంత లోతులో మామూలే. ఓ జానెడు చెక్కేస్తే సరిపోతుంది," అన్నాడు.

కావచ్చు. లోతుకి వెళ్లినకొద్దీ పైన ఉన్న బరువంతా పక్క గోడల్ని నొక్కుతుంది. గోడల కింది మెత్తటి నేల పిసికిన పిండిలా పైకి లేస్తుంది. పుస్తకంలోనూ ఉంది.

కానీ నేల పైకి వచ్చిందా, కప్పు కిందికి దిగిందా? ఎత్తు తగ్గిందని మాత్రమే అన్న హెల్మెట్‌కి తెలుసు. ఎటునుంచి తగ్గిందో దానికి తెలియదు. కొలవడానికి సర్వేయర్ లేడు, సెలవులో ఉన్నాడు.

నేల పొంగితే కాళ్లకి తడుతుంది. కప్పు దిగితే...

మార్చి 5, బుధవారం

కాలువ.

ఆ జంక్షన్ గోడ వెంట నీటి కాలువ ఉంది. రోజూ దాటుతూనే ఉన్నాను, ఇవాళ కళ్లు తెరుచుకున్నాయి. నేల పొంగి ఉంటే నీళ్లు గట్టెక్కలేక జంక్షన్ ముందే మడుగు కట్టాలి. జేబులో ఉన్న కాగితం చింపి ఒక ముక్క వేశాను. అది ఎక్కడా ఆగలేదు. జంక్షన్ దాటి, మలుపు తిరిగి, పంపు గుంతలోకి పోయింది. ఇంకోటి వేశాను. అదీ పోయింది. నేల కదల్లేదు.

మరి గేజీ ఎందుకు ఆకుపచ్చగా ఉంది?

అక్కడే నిలబడి ఆలోచించాను. గేజీ తీగ పైకప్పులో కొంత ఎత్తున ఒక కొక్కేనికి వేలాడుతుంది. ఆ కొక్కెం కదలని రాతిలో ఉందన్న నమ్మకం మీదే గేజీ మాట చెల్లుతుంది. మిగతా సెక్షన్లన్నిటిలో ఆ ఎత్తున గట్టి ఇసుకరాయి ఉంది. అందుకని ఇక్కడా అదే ఎత్తు పెట్టారు. ఇక్కడ ఆ ఇసుకరాయే ఊడి దిగుతుంటే? కొక్కెం, తీగ, గేజీ, కప్పు అన్నీ కలిసికట్టుగా దిగుతాయి. గనిలోకి దింపే కేజ్‌లో నిలబడి కేజ్ పైకప్పు ఎంత ఎత్తుందో కొలిచినట్టు. ఎన్నిసార్లు కొలిచినా తేడా రాదు. కేజ్ మాత్రం పాతాళానికి పోతూనే ఉంటుంది.

అది అన్నాల వేళ. జంక్షన్ వెడల్పుగా ఉంటుంది, గాలి తగులుతుంది. అందరూ డబ్బాలు విప్పుకుని కూర్చునేది సరిగ్గా దాని కిందే.

"లేవండి," అన్నాను.

"రెండు ముద్దలున్నాయి మేడమ్."

"ఆ రెండూ బయట తినండి."

"ఏమైంది?"

"ఏమీ కాకముందే లేవండి."

ఒక్కొక్కరే లేచారు. దారికి ఇరువైపులా తాడు కట్టాను. ప్రవేశం లేదు అన్న బోర్డు తగిలించాను. నాన్నలాగే చదువు రానివాళ్లు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు, వాళ్ల కోసం దాని మీద సుద్దతో పెద్ద ఇంటూ గీశాను. దాంతో సెక్షన్ మొత్తం ఆగింది. లోపల ఉన్న బొగ్గు తవ్వే మిషన్ లోపలే ఉండిపోయింది. పక్కనున్న ఇరుకు దారిలో మనుషులు పడతారు, మిషన్ పట్టదు.

అన్న అందరికన్నా ఆఖర్న లేచాడు. డబ్బా మూత పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా, అందరికీ వినపడేలా అన్నాడు: "నా భుజాలెక్కి చదువుకుంది. ఇప్పుడు నెత్తి మీదే కూర్చుంది."

నాకేం బాధ వేయలేదు.

బాధ వేయలేదని ఎందుకు రాశాను? ఇక్కడ అడిగినవాళ్లెవరు?

మార్చి 6, గురువారం

అన్న నాతో మాట్లాడడం లేదు. అన్నీ వదిన ద్వారానే.

"సబ్బు ఎక్కడ పెట్టిందో దాన్ని అడుగు."

నేను పక్కనే ఉన్నాను. వదిన నా వైపు తిరిగింది. "అమ్మగారూ, సబ్బు ఎక్కడ పెట్టారని అయ్యగారు కనుక్కోమంటున్నారు."

"ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని చెప్పండి."

"ఉండాల్సిన చోటే ఉందట. మీ ఇద్దరి మధ్యా నాకు కూడా ఒక గేజీ బిగించండి, ఎప్పుడు కూలుతుందో ముందే తెలుస్తుంది," అంది వదిన. అమ్మ నవ్వాపుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాన్న నవ్వలేదు. గనిలో కప్పుకి ఆసరాగా కర్రలు నిలబెట్టే పనిలో ఆయన జుట్టంతా నెరిసింది. ఇప్పుడు కప్పులోకి బిగించే ఇనప బోల్టులు వచ్చి కర్రల పని చాలామటుకు పోయింది గానీ, ఆయనకి ఇప్పటికీ నమ్మకం కర్ర మీదే. 

"ఆ జంక్షన్‌లో కర్రలున్నాయా?" అన్నాడు.

"నాలుగు మూలలా ఉన్నాయి నాన్నా."

"అరిచాయా?"

"లేదు."

"కర్ర ఏడవందే కప్పు రాదు. ఇనుము మోసం చేస్తుంది, కర్ర చెయ్యదు. ముందు కిర్రుమంటుంది, తర్వాత చిట్లుతుంది, మనిషి పరిగెత్తడానికి టైమిస్తుంది. అది నోరు విప్పకుండా నువ్వెలా ఆపావే పనిని?"

"ఆ కర్రలు అబద్ధం చెబుతున్నాయి," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేను లేవలేదు. పూర్తిగా తిన్నాను. ఆకలి లేదు. అయినా తిన్నాను.

చదువుకుంటానని మొండికేసిన రోజు కూడా ఇలాగే, ఆయన లేచిపోయాడు, నేను తిన్నాను.

మార్చి 7, శుక్రవారం

మేనేజర్ గదికి పిలిచారు. సరేసార్ ఉన్నాడు. అన్న జట్టులోంచి నలుగురు ఉన్నారు, అన్నతో సహా. నాకు కుర్చీ వేయలేదు. ఉన్న కుర్చీలు చాల్లేదేమో.

మేనేజర్ గొంతు పెంచే మనిషి కాదు. అదే ఇబ్బంది. అరిచేవాళ్లకి బదులు చెప్పడం తేలిక.

"చూడమ్మా, నువ్వు జాగ్రత్తగా ఉండడం మంచిదే. కానీ నేల పొంగింది. రేపు చెక్కిస్తాను. తాడు విప్పేయ్."

"నేల పొంగలేదు సార్. కాలువలో నీళ్లు ఆగకుండా పోతున్నాయి."

"కాలువ పోయిన వారమే తవ్వించాం. కదయ్యా?"

"సరే సార్," అన్నాడు సరేసార్. తర్వాత తేరుకుని, "అవును సార్," అన్నాడు.

ఆ సంగతి నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.  నేల పొంగినా సరే, కాలువ కొత్తగా లోతు చేస్తే నీళ్లు పోతాయి. నా సాక్ష్యం ఆ నీళ్లతోపాటే కొట్టుకుపోయింది.

"నీ దగ్గర కాగితం ముక్కలున్నాయి. నా దగ్గర ఆకుపచ్చ గేజీ ఉంది," అన్నాడాయన. "నువ్వే చెప్పు, నేనేం చెయ్యను?"

అప్పుడు సరే అనొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. గేజీ ఆకుపచ్చగా ఉందని రాసి ఉంది, మేనేజర్ చెప్పాడని రాసి ఉంటుంది. ఆ గదిలో ఉన్నవాళ్లంతా నేను తల ఊపుతానని ఎదురుచూస్తున్నారు. 

"డ్రిల్లు చేయించండి," అన్నాను. "జంక్షన్‌కి ఇవతల, గట్టి కప్పు కింద నిలబడి, ఏటవాలుగా పైకి. గేజీ కొక్కెం ఎంత ఎత్తులో ఉందో అది దాటి ఇంకా పైకి. అక్కడ రాయి గట్టిగా ఉంటే తాడు నేనే విప్పుతాను. ఉద్యోగం కూడా నేనే మానేస్తాను."

రెండో మాట ఎందుకన్నానో. ఇంట్లో నెలజీతం అంటూ తెచ్చేది మేమిద్దరమే.

"అంత పొడుగు రంధ్రం ఎవరు వేస్తారు?"

 

"నేను వేస్తా," అన్నాడు అన్న. "దీని నోరు మూయించాలంటే అదొక్కటే దారి."

మార్చి 8, శనివారం

అన్న డ్రిల్లు పట్టాడు. అతని సాయానికి ఇంకొకడు. నేను పక్కన. వెనక మేనేజర్, సరేసార్. హెల్మెట్ దీపాల వెలుగులో నీళ్లు, బురద. రాడ్డు వెనక రాడ్డు తగిలిస్తూ పైకి పోతున్నారు. రాయి గట్టిగా ఉంటే డ్రిల్లు ఒకే స్వరంతో ఏడుస్తుంది. అలాగే ఏడుస్తోంది. కొక్కెం ఎత్తు దాటింది. ఇంకా గట్టిగానే ఉంది. అన్న నా వైపు చూశాడు, మూడు రోజుల తర్వాత మొదటిసారి. పెదవి చివర నవ్వు.

ఇంకో రాడ్డు తగిలించారు. 

డ్రిల్లు గొంతు మారింది. రాడ్డు ఒక్కసారిగా ముందుకి తూలింది, లేని మెట్టు మీద కాలు వేసినట్టు. అన్న కూడా దాంతోపాటు తూలాడు. రంధ్రంలోంచి కారుతున్న నీళ్లు ఆగిపోయాయి. లోపల ఎక్కడికో పోతున్నాయి.



"ఇంకోచోట వేద్దాం," అన్నాడు అన్న. నన్ను అడగలేదు, ఎవరినీ అడగలేదు. గజం అవతలికి జరిగి మళ్లీ మొదలుపెట్టాడు. అదే ఎత్తు. అదే తూలు.

డ్రిల్లు ఆపేశాడు. చెవుల్లో గుయ్యిమంటోంది. చేతులు తుడుచుకుని, చేతులకేసి చూసుకుంటూ, "పైన ఖాళీ ఉంది సార్," అన్నాడు. "చెయ్యి పట్టేంత ఖాళీ. జంక్షన్ కప్పంతా ఒకే పలకలాగా విడిపోయింది."

మేనేజర్ రంధ్రంలోకి దీపం వేసి చూశాడు. "మిషన్ కోసం పక్కనుంచి కొత్త దారి తవ్వుదాం," అన్నాడు చివరికి. 

"సరే సార్."

వెనక్కి వచ్చేటప్పుడు అన్న తాడు దగ్గర ఆగి, వదులైన ముడి విప్పి, గట్టిగా మళ్లీ వేశాడు. నేను వేసిన ముడి బాగాలేదట. ఆ మాట నాతో చెప్పలేదు, ముడితోనే చెప్పాడు.

మార్చి 9, ఆదివారం

భోజనాల దగ్గర నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. మాట్లాడలేదు. జరిపాడు.

మార్చి 14, శుక్రవారం

కప్పు పడలేదు.

కొత్త దారి మెల్లగా సాగుతోంది. జట్టుని ముక్కలు చేసి వేరే వేరే సెక్షన్లకి పంపారు. ఎక్కడికి వెళ్లినా ఒకటే పలకరింపు. కేజ్ దగ్గర: "మేడమ్, మీ కప్పు బాగుందా?" దీపాల గదిలో: "నిన్న కలలోకి వచ్చింది మేడమ్, పడమంటారా అని అడిగింది." వీధిలో కూరలమ్మే ఆవిడ కూడా: "ఇంకా నిలబడే ఉందటగా."

నవ్వుతాను. ఉందండీ అంటాను.

పడాలని నేను కోరుకోవడం లేదు.

మార్చి 17, సోమవారం

పడలేదు.

మార్చి 19, బుధవారం

పడలేదు. పడాలని నేను కోరుకోవడం లేదని ఇదివరకే రాశాను.

రాశాను గానీ అది అబద్ధం. ఇవాళ తాడు ఇవతల నిలబడి, చీకట్లోకి దీపం వేసి చూస్తూ, పడిపో అనుకున్నాను. పైకి కూడా అన్నానేమో. తర్వాత సిగ్గేసింది. నేను సరైనదాన్ననిపించుకోవడానికి కొండ కూలాలా? అది పడినా పడకపోయినా పైన ఖాళీ ఉంది. అన్న చేతులకి తెలిసింది. అది చాలదా?

చాలాలి.

మార్చి 21, శుక్రవారం

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

పొద్దున దీపాల గది ముందు అన్న పాత జట్టు మొత్తం ఉంది. అన్న ముందున్నాడు. మేనేజర్ స్వయంగా వచ్చాడు. కొత్త దారికి ఇంకా చాలా పడుతుందట. పైనుంచి రోజూ ఫోన్లట. ఒక్క మిషన్ కోసం గని గనంతా మాట పడుతోందట.

"ఒక్కసారి వెళ్లి మిషన్ నడుపుకుంటూ వచ్చేస్తారు," అన్నాడాయన నాతో. "వీళ్లే ముందుకొచ్చారు. నేను బలవంతం చేయలేదు."

అన్నని చూశాను. "నువ్వే కదా డ్రిల్లు పట్టింది."

పదహారు రోజుల తర్వాత నాతో నేరుగా మాట్లాడాడు. "పట్టాను. ఇన్నాళ్లు ఆగింది. ఇంకో పది నిమిషాలు ఆగదా? మిషన్ వస్తే జట్టు మళ్లీ ఒకటవుతుంది. వీళ్లని తలో మూలా పారేశారు, చూస్తున్నావుగా. కర్రలు కూడా దండిగా పెట్టించారు సార్. ఒక్కటి కిర్రుమన్నా వెనక్కి పరిగెత్తుకొస్తాం."

"ఎక్కడ పెట్టారు? లోపలికి వెళ్లారా?"

"ఇటువైపు నుంచి, అంచులోనే పెట్టారు. లోపలికి ఎవరూ వెళ్లలేదు."

అప్పుడు చూశాను, బెంచీ చివర నాన్న కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం మానేశాక ఆయన దీపాల గదికి రావడం ఇదే మొదటిసారి. మేనేజర్ జీపు పంపించి పిలిపించాడట. కర్ర మాట నాన్న చెబితే నేను వింటానని.

"పెద్దాయనా, మీ అమ్మాయికి మీరే చెప్పండి. కర్ర సంగతి మీకంటే ఎవరికి తెలుసు?"

నేను ముందే మాట్లాడాను. నాన్న నోట ఏం వస్తుందో విని తట్టుకోగలనో లేదో అని కావచ్చు. "ఎవరు చెప్పినా సరే. నేను ముందు దిగుతాను. తాడు దగ్గర కూర్చుంటాను. మిషన్ కావాలంటే నన్ను పక్కకి లాగి వెళ్లండి. లాగింది ఫలానావాళ్లని మాత్రం పైకొచ్చాక చెబుతాను."

"దీనికి పొగరెక్కింది," అన్నాడు అన్న.

"ఎక్కింది. నువ్వే ఎక్కించావు. నువ్వు గనిలోకి దిగబట్టి నేను చదువుకున్నాను. ఆ చదువుతోనే చెబుతున్నాను, వెళ్లొద్దు. ఇంకెవరికోసం చదివించావు నన్ను?"

 

నాన్న కర్ర ఊతంతో లేచాడు. "అమ్మాయ్, ఆ కర్రల కింద నేలేంటి?"

"మెత్తటి బంక రాయి నాన్నా. తడిసింది. కర్ర మీద బరువు పడితే కర్ర విరగదు. బురదలో కాలు దిగినట్టు కిందికి దిగిపోతుంది. దిగే కర్ర ఎందుకు అరుస్తుంది?"

"కింద పలక వేశారా?"

"లేదు," అన్నాడు అన్న మెల్లగా.

 నాన్న మేనేజర్ వైపు కాదు, జట్టు వైపు తిరిగాడు. "నేను పనిచేసినంతకాలం నేల గట్టిది. అక్కడ కర్ర చెప్పింది నిజం. ఈ లోతులో నేనెప్పుడూ కర్ర నిలబెట్టలేదు. నాకు తెలియని నేల గురించి నేను మాటివ్వను. దీన్ని అడగండి. అందుకే చదివించాం."

నన్ను చదివించింది తానే అన్నట్టు చెప్పాడు. చదువొద్దని లేచిపోయింది ఎవరో. కాదనలేదు నేను. 

జట్టులో ఒకడు, దిగనన్నట్టు, దీపం తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఇంకొకడు పెట్టాడు. అన్న చాలాసేపు పెట్టలేదు. తర్వాత అతనూ పెట్టాడు, దబ్బుమని, కౌంటర్ పగిలేలా.

మేనేజర్ వెళ్లిపోయాడు. 

నేను దిగాను. షిఫ్టంతా తాడు దగ్గరే కూర్చున్నాను. వాళ్లమీద నమ్మకం లేక కాదు. కూర్చుంటానన్నాను కదా.

మార్చి 22, శనివారం

పడలేదు.

మార్చి 23, ఆదివారం

అన్న పొద్దుటే బయటికి వెళ్లిపోయాడు. వదిన అంది, "నలుగురిలో పరువు పోయిందని బాధ. పరువు మళ్లీ పెరుగుతుంది, ఆ మనిషే పెరగడు, ఇప్పటికే తాడిచెట్టంత ఉన్నాడు."

మార్చి 25, మంగళవారం

పడింది.

మొదటి షిఫ్టు సగంలో. నేను పంపు గుంత దగ్గర ఉన్నాను. ముందు చప్పుడు రాలేదు. గాలి వచ్చింది. ఎవరో పెద్ద తలుపు తోసినట్టు ఛాతీ మీద కొట్టింది. దుమ్ము, తర్వాత చప్పుడు, తర్వాత ఇంకా చప్పుడు. పంపు ఆపరేటర్ నా చెయ్యి పట్టుకున్నాడు, నేను గోడ పట్టుకున్నాను.

అందరూ ఉన్నారు. లెక్కపెట్టారు, మళ్లీ లెక్కపెట్టారు. ఒక్కరికీ ఏమీ కాలేదు.

దుమ్ము అణిగాక తాడు దాకా వెళ్లి చూశాం. జంక్షన్ లేదు. మేం కూర్చుని తినే చోట పైకప్పు దాకా రాయి. అంచున కర్రలు మాత్రం కనిపిస్తున్నాయి. సగం పొడుగే ఉన్నాయి. మిగతా సగం నేలలో ఉంది. ఒక్కటీ విరగలేదు.

అన్న పక్క సెక్షన్ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను చూశాడు. తర్వాత కర్రల్ని చూశాడు. 

"ఒక్కటీ అరవలేదు," అన్నాడు.

  పడిపో అనుకున్న నాకు సంతోషం రావాలి. నేను మళ్లీ మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మార్చి 26, బుధవారం

మేనేజర్ పిలిచాడు. ఈసారి కుర్చీ ఉంది. నేను కూర్చోలేదు.

"నువ్వు చెప్పింది నిజమైంది. ఒప్పుకుంటున్నాను," అన్నాడు. "కానీ ఒకటి చెప్పు. శుక్రవారం నుంచి మంగళవారం దాకా ఆగింది కదా. శుక్రవారమే వెళ్లి ఉంటే మిషన్ దక్కేది. ఇప్పుడు మిషన్ పోయింది. దానికి పైవాళ్లకి ఎవరు సమాధానం చెప్పాలి?"

నేను నిజంగానే నవ్వాను.

పడకముందు, పడలేదు కాబట్టి నాది తప్పు. పడ్డాక, ఇంత ఆలస్యంగా పడింది కాబట్టి నాది తప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకైతే నుయ్యీ గొయ్యీ కలిపి ఒక్కచోటే తవ్వారు.

సంజాయిషీ రాసిమ్మన్నారు.

మార్చి 27, గురువారం

వదిన పక్కన కూర్చుంది. "క్షమించండి అని ఒక్కమాట రాసి పారెయ్. ఊపిరి పీల్చుకోవచ్చు."

"రాయను."

"ఇంకేం రాస్తావు?"

రాసింది చదివి వినిపించాను. "మిషన్ లోపల ఉంది. మనుషులు బయట ఉన్నారు. మళ్లీ ఇదే పరిస్థితి వస్తే మళ్లీ ఇదే చేస్తాను."

వదిన పెన్ను నా చేతిలో పెట్టింది. "కింద సంతకం పెద్దగా పెట్టు," అంది.

వెనకనుంచి నాన్న ఆ కాగితం ఇమ్మన్నాడు. ఆయనకి చదవడం రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, మడత పడకుండా జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

మార్చి 31, సోమవారం

జవాబు రాలేదు. ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. ఎన్నాళ్లో తెలియదు. ఈలోగా అన్ని సెక్షన్లలో గేజీలు మార్చాలని పట్టుబట్టాను. కొక్కేలు ఇంకా పైకి వెళ్లాలి. ఎంత పైకన్నది రంధ్రం వేసి చూశాకే. సరేసార్‌కి చెప్పాను. "మేనేజర్ గారిని అడగాలమ్మా," అన్నాడు. అడగండి, నేను ఈలోపు మొదలుపెడతాను అన్నాను. కాసేపు నా మొహం చూసి, "సరే మేడమ్," అన్నాడు.

ఏప్రిల్ 2, బుధవారం

జట్టు మొత్తాన్ని ఒక్కచోట వేశారు. కొత్త సెక్షన్. కప్పు ఎత్తుగా ఉంది, కొత్త జంక్షన్ వెడల్పుగా ఉంది. అన్నాల కోసం అప్పుడే ఒక మూల చూసుకున్నారు.

జంక్షన్ దగ్గరికి రాగానే అన్న తల వంచాడు.

"ఎందుకు వంచావు?" అన్నాను.

ఆగాడు. పైకి చూశాడు. గర్డర్ ఎక్కడో పైన ఉంది. నిటారుగా నిలబడి, చెయ్యెత్తి, వేళ్లు చాపాడు. మునివేళ్ల మీద లేచాడు.

"అందడం లేదు."

"అందిన రోజు చెప్పు. తాడు కట్టేస్తాను."

"కడతావు. నీకు సిగ్గా, ఎగ్గా," అన్నాడు. చెయ్యి దించలేదు.

వెనక వస్తున్నవాళ్లు ఒక్కొక్కరే చెయ్యెత్తి చూసుకుంటూ దాటారు. నవ్వుకుంటూనే, కానీ అందరూ ఎత్తారు. ఆఖర్న పంపు ఆపరేటర్. అతనూ మునివేళ్ల మీద లేచి చెయ్యెత్తాడు. అతని చేతికీ గర్డర్‌కీ మధ్య ఇంకో మనిషి పడతాడు.

"నీకెందుకయ్యా?"

"ఈసారి కారణం తెలుసు మేడమ్," అన్నాడు.